సేఠ్ చేతులెత్తిన గేటు

ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లులో కంప్యూటర్లు చూసుకునే పనిలో కొత్తగా చేరాను. పత్తి సీజన్ మొదలైంది. పత్తి బళ్లు తూచే కాంటా దగ్గర నెట్ ఆగి ఆగి వస్తుంటే, లైన్లో ఎక్కడి నుంచి ఎంత డేటా పోతోందో కనిపెట్టే ప్రోగ్రాం ఒకటి సర్వర్‌లో పెట్టాను. అది మొదలైనట్టే అయ్యి, తన రికార్డు రాసుకోలేక ఆగిపోయేది. తెరమీద ఒకటే మాట: అనుమతి లేదు.

నాకు మతిపోయింది. ఆ సర్వర్‌కు అడ్మిన్‌ని నేనే. రికార్డుల ఫోల్డర్‌ను అందరికీ తెరిచిపెట్టాను. అయినా అనుమతి లేదట!

వెనకే నిలబడ్డ మిల్లు యజమాని ఖాజా సేఠ్ అడిగాడు: "మిషిన్ నీ చేతులనే ఉన్నది, పాస్‌వర్డ్ నీదే. మరి నిన్నెవడు ఆపుతుండు బిడ్డా?"

అప్పుడు తట్టింది నాకు. "ఏ ప్రోగ్రాం ఎక్కడ రాయొచ్చో చూసే కాపలా ఒకటి సర్వర్లో ఉంటది సేఠ్. దాని రూల్ ముందు అడ్మిన్ కూడా..." అని నసిగాను. తిక్కరేగి ఆ కాపలా మొత్తం ఆపేశాను. ప్రోగ్రాం వెంటనే నడిచింది. గెలిచినట్టు లేచి, సేఠ్ వెంట పత్తి యార్డుకు బయలుదేరాను.

గేటు దగ్గర సేఠ్ రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు. వాచ్‌మన్ ఆయన జేబులు తడిమి, లైటర్ తీసి డబ్బాలో వేశాడు.

"మిమ్మల్ని కూడానా?" అన్నాను.

"రూల్ పెట్టిందే నేను. నేను మాలిక్‌నని నిప్పుకేం ఎరుక? జేబుల లైటర్ ఉన్నదని నేనే మర్చిపోతా."

నేను యార్డులోకి వెళ్లలేదు. వెనక్కి పోయి కాపలా మళ్లీ ఆన్ చేసి, ఆ ప్రోగ్రాంకు ఆ ఒక్క ఫోల్డర్‌లో రాసుకునే అనుమతి మాత్రం ఇచ్చాను.

ఇప్పటికీ తెరమీద 'అనుమతి లేదు' అని కనబడితే, నాకు తెలియకుండానే నా చేతులు కీబోర్డు మీంచి పైకి లేస్తాయి.