ఎలుక కొరికిన జడ్డిగం

పెనుగంచిప్రోలులో ఆరోగ్యమ్మ విత్తనం వేసిన చేను ఏదో, ఇంకొకరు వేసిన చేను ఏదో చెప్పడానికి బండి దిగాల్సిన పని లేదు. ఆవిడ వేసిన జొన్న దువ్వెనతో దువ్వినట్టు వరసలు తీరి వచ్చేది. మిగతావాళ్లది ఒక సాలు గుబురుగా, పక్క సాలు బోడిగా ఉండేది. మనిషి పొట్టి. నోరు మాత్రం మనిషికంటే పొడుగు. పన్నెండో ఏట విత్తనాలు వేసే గొర్రు వెనక నడవడం మొదలుపెట్టి, పెళ్లయిన నాడూ నడిచింది, పిల్లలు కడుపున ఉండగా నడిచింది, మొగుడు పోయిన ఏడాది కూడా తొలకరికి నడిచింది.

గొర్రుకి మూడు వెదురు గొట్టాలుంటాయి. వాటి నెత్తిన చిన్న కొయ్య గిన్నె. అదే జడ్డిగం. ముందు ఎద్దులు లాగుతుంటే, వెనక నడిచే ఆడమనిషి పిడికిట్లోంచి గింజలు ఆ గిన్నెలోకి వదులుతుంది. అడుగునున్న మూడు బెజ్జాల్లోంచి అవి గొట్టాల్లోకి జారి నేలలో పడతాయి. గింజలన్నీ ఒకే బెజ్జంలోకి పోతే చేను పాడవుతుంది. తిట్లు మాత్రం ఎద్దులకీ పడవు, గిన్నెకీ పడవు. వెనక నడిచినదానికే పడతాయి.

ఆ తిట్లు తిని తిని విసిగిపోయిన ఆరోగ్యమ్మ, పంతొమ్మిది వందల యాభై మూడులో గిన్నె నడిమధ్యన ఒక మైనం ముద్ద అంటించి చూసింది. గింజ ఆ ముద్దమీద పడి మూడు వైపులకీ సమంగా చీలింది. మధ్యాహ్నానికల్లా ఎండకి మైనం కరిగింది. సాయంత్రం వడ్రంగి సుబ్బరాయుడి కొట్టం దగ్గర నిలబడింది.

"బాబాయ్, కుంకుడుకాయంత బొడిప గిన్నెలోనే లేచేట్టు చెక్కిపెట్టు."

"చెక్కితే నాకేమిస్తావే?"

"నిన్ను తిట్టకుండా ఇంటికెళ్తా."

బేరం గిట్టుబాటుగానే తోచి ఆయన చెక్కిపెట్టాడు. ఆ ఏడు ఆవిణ్ణి ఎవరూ తిట్టలేదు. చూసినవాళ్లంతా అలాంటిదే కావాలని వచ్చారు. మునేటికి ఈ వైపూ ఆ వైపూ ఊళ్లన్నిట్లో సుబ్బరాయుడి బొడిప గిన్నెలే తిరిగాయి. ఆయనకి వేరే పని వెతుక్కునే అవసరం లేకపోయింది.

ఆరోగ్యమ్మ గిన్నెకి మాత్రం ఒక ప్రత్యేకత ఉంది. పని లేని నెలల్లో దానికి ఆముదం రాసి చూరులో దోపితే, ఆ వాసనకి ఎలుక వచ్చి అంచు కొరికింది. ఏడు చోట్ల కొరికి, తర్వాత ఎందుకో మనసు మార్చుకుంది. ఏడు గాట్లు అలాగే ఉండిపోయాయి.

అరవైలో జగ్గయ్యపేట నుంచి భవానీప్రసాద్ జీపులో దిగాడు. ఇనప పనిముట్ల కార్ఖానా యజమాని. నాగలి ఏ చేత్తో పట్టాలో ఎరగడు గానీ, నాగలిమీద ఉపన్యాసం మొదలుపెడితే ఎద్దులు కూడా పడుకునేవి. ఇస్త్రీ మడత చెడుతుందని గట్టుమీద కూర్చోడు. మట్టి అంటుతుందని చేలోకి దిగడు.

"ఇదేదో ముచ్చటగా ఉందే. చూసి ఇస్తా," అని ఆరోగ్యమ్మ గిన్నె పట్టుకుపోయాడు.

పదకొండు రోజులకి తిరిగొచ్చింది గిన్నె. ఆ పదకొండు రోజుల్లో బెజవాడ నుంచి వచ్చిన బొమ్మలు గీసే ఆసామి దాన్ని అటూ ఇటూ తిప్పి, ఉన్నది ఉన్నట్టు గీశాడు. ఎలుక పనితనం కూడా వదలకుండా గీశాడు పాపం, నిజాయితీపరుడు. ఆ బొమ్మతో అర్జీ కలకత్తా పోయి, కొన్నాళ్లకి పేటెంటై తిరిగొచ్చింది. ఇకమీదట అలాంటి గిన్నె ఎవరు చేసినా భవానీప్రసాద్ అనుమతి తీసుకోవాలి. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పే సమయం కోసం కాచుకుని కూర్చున్నాడు.

అరవై రెండులో ఆ సమయం వచ్చింది. తాలూకా అంతటా ఒకే కొలత పనిముట్లు ఉండాలని నందిగామలో ఒక సంఘం వేశారు. సంఘం ఏ జడ్డిగాన్ని ప్రమాణంగా ఒప్పుకుంటే రైతులంతా అదే కొనాలి, వడ్రంగులంతా అదే చెయ్యాలి. అధ్యక్షుడు జగన్నాథరావు నూరెకరాల ఆసామి. కార్యదర్శి మిషన్ బడి మేష్టారు వరప్రసాదరావు. సభ్యుల్లో భవానీప్రసాద్ ఉన్నాడని వేరే చెప్పక్కర్లేదు. విత్తనం వేసి చూపించడానికి ఆరోగ్యమ్మనీ, గిన్నెలు చూపించడానికి సుబ్బరాయుణ్ణీ పిలిపించి వరండాలో నిలబెట్టారు. కుర్చీలు సంఘానికే సరిపోయాయి.

భవానీప్రసాద్ తెచ్చి గోడకి తగిలించిన గిన్నె బొమ్మని అందరూ మెచ్చుకున్నారు. చేతులెత్తబోతుంటే మేష్టారు కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఒక్క మాటండి. దీనిమీద ఎవరికన్నా పేటెంటు ఉందా?"

భవానీప్రసాద్ దగ్గాడు. "ఉంది. నాదే."

వరండాలో సుబ్బరాయుడి మొహం పాలిపోయింది. "అయితే ఏంటే ఆరోగ్యం? ఇక నేను గిన్నె చెక్కాలంటే ఈయన గుమ్మం ముందు చేతులు కట్టుకు నిలబడాలా?"

లోపల జగన్నాథరావు గొంతు సవరించుకున్నాడు. "ప్రమాణమేమో అందరిదీ. పేటెంటేమో ఒకరిది. అది బాగుండదు. అయితే భవానీప్రసాద్ గారు మనవారు కాబట్టి బాగానే ఉంటుంది."

"చేసుకోవద్దని నేనన్నానాండి?" అన్నాడు భవానీప్రసాద్. "ఎవరైనా చేసుకోవచ్చు. నాకు సమంజసమైన రుసుమిస్తే చాలు."

"సమంజసం అంటే ఎంతండి?" మేష్టారు అడిగాడు.

"సమంజసం అంటే సమంజసమే మేష్టారూ. దానికి మళ్లీ లెక్కేంటి?"

ఆ ఒక్క మాటమీద గంటన్నర కొట్టుకున్నారు. సమంజసం ఎంతో తేల్చడానికి ఉపసంఘం వేద్దామన్నాడొక సభ్యుడు. ఉపసంఘానికి బస్సు చార్జీలిస్తారా అన్నాడు ఇంకొకడు. మూడోవాడు నిద్రలో తలూపితే దాన్ని సమ్మతిగా రాసుకోమన్నారు. గొర్రు వెనక ఒక్క సాలు నడవని పెద్దమనుషులు ఎనిమిది మంది, అక్కడ చేనంతా తామే దున్నినట్టు చెమటలు తుడుచుకున్నారు.

ఆరోగ్యమ్మ ఆ మాటలేవీ వినడం లేదు. గుమ్మంలోంచి గోడమీది బొమ్మనే చూస్తోంది. అంచుమీద వేలు ఆడిస్తూ దూరం నుంచే లెక్కపెట్టింది. ఏడు. పమిట కొంగు నోట్లో కుక్కుకుంది.

"నా పని పోతుంటే నవ్వుతావేంటే?"

"ఉండు బాబాయ్," అని లోపలికి నడిచింది.

"పిలిచినప్పుడు రావాలి నువ్వు," అన్నాడు జగన్నాథరావు.

"తవరు పిలిచేసరికి తొలకరి దాటిపోయేట్టుందండి." భవానీప్రసాద్ వైపు తిరిగింది. "ఒక్క సందేహం అయ్యగారూ. గిన్నె అంచున ఆ గాట్లెందుకండి?"

భవానీప్రసాద్‌ని ఆ ప్రశ్న అప్పటిదాకా ఎవరూ అడగలేదు. తనని తాను కూడా అడుక్కోలేదు. అయినా తెలియదనడం ఆయన ఒంట్లో లేదు.

"అవి గాలి గాట్లు. గాలి ఆడితేనే గింజ దిగుతుంది. లెక్క ప్రకారం ఏడు."

"ఆరుంటేనండి?"

"గింజ ఇరుక్కుంటుంది."

"అసల్లేకపోతేనండి?"

"లేకపోతే అది వట్టి గిన్నె! నేను కనిపెట్టిందంతా ఆ గాట్లలోనే ఉంది."

"అయితే గాట్లు లేని గిన్నెమీద తవరికి హక్కు లేదంటారు."

"ఆ చెత్త గిన్నెమీద నాకు హక్కెందుకే? ఎవరు చేసుకుంటే నాకేం!"

"మేష్టారూ, రాసుకున్నారా?"

"అక్షరం పొల్లు పోకుండా రాశానమ్మా," అని మేష్టారు పుస్తకం భవానీప్రసాద్ ముందుకి జరిపాడు. సంతకం పెట్టే అవకాశం వస్తే ఆయన వదిలే మనిషి కాదు. కింద రెండు గీతలు గీసి మరీ పెట్టాడు.

అప్పుడు ఆరోగ్యమ్మ మూట విప్పి తన గిన్నె బల్లమీద పెట్టింది.

"తవరు పదకొండు రోజులుంచుకున్న గిన్నె ఇదేనండి. ఇయ్యి మా చూరులో ఎలక కొరికిన గాట్లు. దానికి లెక్కలొచ్చని నాకు తెలీదు."

నిద్రపోతున్న సభ్యుడు కూడా లేచాడు. జగన్నాథరావు తాగుతున్న టీ ముక్కులోకి పోయింది. సుబ్బరాయుడు గబగబా వచ్చి, అంచు నున్నగా ఉన్న తన గిన్నె పట్టుకున్నాడు. ఆరోగ్యమ్మ పిడికెడు జొన్నలు వదిలింది. గాలి గాట్లేమీ లేకుండానే గింజలు మూడు పాయలుగా చీలి బల్లమీద మూడు కుప్పలు పడ్డాయి.

నున్నటి అంచు గిన్నే ప్రమాణమని తీర్మానించారు. ఇకముందు సంఘంలోకి ఏ వస్తువు తెచ్చినా, దానిమీద పేటెంటుంటే ముందే చెప్పాలని కూడా రాశారు. తాను మొదటినుంచీ అదే అంటున్నానని జగన్నాథరావు సభ ముగించాడు.

భవానీప్రసాద్ ముందుచూపుతో గాట్లతో చేయించిన మూడు వందల గిన్నెలు కార్ఖానాలో మిగిలిపోయాయి. అడుగున బెజ్జాలుండటంతో చుట్టల బూడిద రాల్చుకోవడానికి కూడా ఎవరూ అడగలేదు.

మెట్లు దిగుతుంటే మేష్టారు ఆరోగ్యమ్మని ఆపాడు. "ఇప్పుడు తాలూకా మొత్తంలో దొంగవి నువ్వొక్కదానివే తెలుసా? గాట్ల గిన్నె వాడేది నువ్వేగా."

సుబ్బరాయుడు కొత్తది చెక్కిపెడతానన్నాడు. ఆవిడ వద్దంది.

ఆ తొలకరికి జగ్గయ్యపేట రోడ్డు పక్క చేలో విత్తుతుంటే జీపు వచ్చింది. ఆరోగ్యమ్మ ఎద్దుల్ని ఆపించి, గొర్రు మీంచి గిన్నె ఊడదీసి పైకెత్తింది.

"అయ్యగారూ! ఏడూ ఉన్నాయండి! అనుమతిస్తారా?"

"పోనివ్వరా," అన్నాడు భవానీప్రసాద్ డ్రైవరుతో.

"ఇచ్చేశారు," అని ఆరోగ్యమ్మ గిన్నె మళ్లీ గొట్టాలమీద బిగించి, పిడికిలి విప్పింది.