నన్ను కాస్త పట్టుకో

ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు. ఆ లెక్కన మా వదిన మీద నాకు సగం హక్కుంది. మిగతా సగానికి హక్కుదారు మా అన్నయ్య. ఆయన కొండలకు అవతల ఒక పట్నంలో సిటీ బస్సు నడుపుతాడు. వదినా నేనూ కొండలకు ఇవతల ఇంకో పట్నంలో ఉంటాం. ఈ పరాయి దేశంలో ఇద్దరికీ ఒకేచోట పని దొరుకుతుందని ఆశపడి వచ్చారు పాపం. పని దొరికింది, ఒకేచోట మాత్రం దొరకలేదు. ఎప్పుడో సెలవులు కలిసినప్పుడు మొహాలు చూసుకుంటారు, మిగతా కాపురమంతా ఫోన్‌లోనే.

నేను ఒక హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేస్తాను. వదిన ఒక పెద్దావిడను చూసుకుంటుంది. లేపాలి, నడిపించాలి, స్నానం చేయించాలి, మళ్లీ పడుకోబెట్టాలి. చేరిన కొత్తలో ఆవిడ ఒంటి మీద చెయ్యి వేయనిచ్చేది కాదట. "నేనేమన్నా కుంటిదాన్నా?" అని విదిలించి కొట్టేదట. అప్పుడు మా వదిన ఒక ఉపాయం కనిపెట్టింది. మెట్ల దగ్గరికి రాగానే తనే ఆగిపోయి, "నన్ను కాస్త పట్టుకోండమ్మా, నాకు మెట్లంటే భయం" అంది. పెద్దావిడ జాలిపడి చెయ్యి అందించింది. ఆవిడకు ఆయాసం వస్తోందనిపిస్తే, "అబ్బ, నాకు కాళ్లు పీకుతున్నాయి, కాస్త కూర్చుందామా?" అనేది. ఈ కాలం పిల్లలకు బొత్తిగా ఓపిక లేదని సణుక్కుంటూ ఆవిడే ముందు కూర్చునేది. వదిన ఇదంతా ఫోన్‌లో చెబుతుంటే అన్నయ్య పగలబడి నవ్వేవాడు. ఎదుటి మనిషి పరువు పోకుండా సాయం చేయడం అందరికీ చేతకాదు. మా వదినకు చేతనవును.

అలా ఎత్తీ దించీ, ఎత్తీ దించీ తన కుడి మోకాలు పాడుచేసుకుంది. పెద్దావిడను చూడడానికి వచ్చే డాక్టరే ఆ మోకాలు చూసి, ఇంక మనుషుల్ని ఎత్తావంటే నీ కాలు నీకు దక్కదన్నాడు. సాయంత్రం నేను మందు రాస్తుంటే వదిన నా చేత ఒట్టు వేయించుకుంది.

"మీ అన్నయ్యకి చెప్పావో, మర్నాడే నన్ను మన దేశానికి, ఇంటికి పంపించేస్తారు. ఆయన ఒక్కరే ఇక్కడ ఉండిపోతారు. ఈ కాస్త చూసుకోవడం కూడా ఉండదమ్మాయ్" అంది.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా చుట్టాలందరికీ తెలుసు. అయినా ఒట్టు వేశాను.

ఇంతలో ఆ శని, ఆదివారాలు ముగ్గురికీ సెలవు కలిసొచ్చింది. నీ ఊరికీ నా ఊరికీ మధ్య కొండల్లో చిన్నచిన్న ఊళ్లున్నాయి, తిరిగొద్దాం అన్నాడు అన్నయ్య. చివరి ఊళ్లో పాత బురుజు ఒకటి ఉందనీ, దాని మీదికెక్కితే ఒకవైపు వదిన ఉండే పట్నం, ఇంకోవైపు తనుండే పట్నం కనిపిస్తాయనీ ఎవరో చెప్పారట. ఆ మాట విన్నప్పటి నుంచీ వదిన కాలు నేల మీద నిలవలేదు, ఆ పాడు కాలుతోనే. పానకంలో పుడకలా మీ ఇద్దరి మధ్య నేనెందుకన్నాను. వదిన నన్ను గిల్లింది. మెట్లొచ్చినప్పుడల్లా ఏదో ఒక వంక పెట్టి ఆపడానికి నేనుండాలట.

మొదటి ఊళ్లో మా బస్సు ఆగేసరికి అన్నయ్య మంకీ టోపీ పెట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు. వదిన కమ్మీ పట్టుకుని మెల్లగా దిగింది. అన్నయ్య నవ్వబోయినవాడల్లా ఒక్క క్షణం ఆగి, తర్వాత నవ్వాడు. సంచి అందుకున్నాడు. టోపీ బిగుతైందేమో అనుకున్నాను నేను.

దూరపు కొండలు నునుపని ఊరికే అనలేదు. మా గది కిటికీలోంచి నేను మడతపెట్టిన దుప్పట్లలా కనిపించే కొండలు దగ్గరికొస్తే అన్నీ మెట్లే. వీధులకు బదులు మెట్లు. ఒక ఇంటి గడప ఇంకో ఇంటి కప్పుకు ఆనుకుని ఉంది. కొట్ల ముందు ఉన్ని మేజోళ్లు వేలాడుతున్నాయి. ఒక గడియారాలు బాగుచేసే ఆయన తలుపు తీసిపెట్టుకుని భూతద్దంలోంచి మమ్మల్ని చూశాడు. నేను వంకలు వెతుక్కుంటున్నానా, నా అవసరమే రాలేదు.

"అబ్బ, కాళ్లు పీకుతున్నాయి. కాస్త కూర్చుందామా?" అన్నాడు అన్నయ్య.

చిన్నప్పటి నుంచీ కాలికి బలపం కట్టుకు తిరిగిన మనిషి! నాలుగు మెట్లెక్కితే ఒక అరుగు, ఒక సందు దాటితే ఒక బల్ల. కనిపించిన ప్రతిచోటా కూర్చోవడమే.

"బస్సులో కూర్చుని కూర్చుని నీ కాళ్లు తుప్పుపట్టాయి అన్నయ్యా. ఊరు చూడ్డానికొచ్చామా, ఊళ్లో అరుగులు లెక్కపెట్టడానికొచ్చామా?" అని దులిపేశాను.

వదిన నన్ను పక్కకు లాగింది. తన మొహంలో నెత్తురు చుక్క లేదు. "మీ అన్నయ్యకి ఏదో అయింది. మనకి చెప్పడం లేదు. మొగాడు కదా, చెప్పుకోడానికి నామోషీ" అంది.

మధ్యాహ్నం రెండో ఊరు చేరాం. సంత వీధి మెట్ల దగ్గర అన్నయ్య నోరు తెరిచేలోపే వదిన ఆగిపోయింది. "ఏవండీ, నాకు మోకాలు నొప్పిగా ఉంది. ఇక్కడే కూర్చుందామా?" అంది. అని, ఆయన చూడకుండా నాకు కన్ను గీటింది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొగుడి పరువు కాపాడడానికి లేని నొప్పి నటిస్తున్నాననుకుంటోంది, ఆ నొప్పి తనకు నిజంగానే ఉందన్న మాట మరిచిపోయి. ఇలాంటి పొరపాటు మా వదిన తప్ప ఇంకెవరూ చేయరు. అన్నయ్య తన కోటు మడిచి బల్ల మీద వేసి వదినను కూర్చోబెట్టాడు.

ఆదివారం ఉదయం బురుజు కిందికి చేరాం. నిట్టనిలువు మెట్లు. తల ఎత్తితే మెడ పట్టేసింది.

"నువ్వూ చెల్లీ ఎక్కిరండి. నావల్ల కాదు, కాళ్లు పీకుతున్నాయి" అన్నాడు అన్నయ్య.

"మీరు లేకుండా నేనెందుకు? నాకూ మోకాలు నొప్పిగానే ఉంది" అంది వదిన. అంటూనే కింది మెట్టు దగ్గర చతికిలబడి, పెద్దావిడకు చేసినట్టే ఒత్తుదామని ఆయన పాదం తన ఒళ్లోకి తీసుకోబోయింది. ముందుకు వంగేసరికి మోకాలు కలుక్కుమంది. "అమ్మా" అన్న కేక నోరు మూసుకునేలోపే బయటికొచ్చింది.

అన్నయ్య గబుక్కున వదిన భుజాలు పట్టుకున్నాడు. "వదిలెయ్. నాకే నొప్పీ లేదు" అన్నాడు.

"మరి నిన్నటి నుంచీ..."

"నువ్వు మీ పెద్దావిడతో ఏమంటావో, నేనూ అదే అన్నాను."

వదిన ఆయన మొహంలోకి చూసింది. తర్వాత నావైపు చూసింది. "ఇది చెప్పిందా?"

"నా మీద ఒట్టు, నేను చెప్పలేదు!" అని అరిచాను. పుట్టి బుద్ధెరిగాక ఒక రహస్యం దాచింది అప్పుడే, ఆ పేరు కూడా దక్కదా నాకు?

"ఇది చెప్పలేదు. నువ్వు బస్సు దిగినప్పుడే చూశాను" అన్నాడు అన్నయ్య. "రోజంతా అద్దంలో మనుషులు దిగడం చూడ్డమే కదే నా పని. కాలు బాగాలేనివాళ్లు పూర్తిగా దిగేదాకా బండి కదపను. నా పెళ్లాం దిగితే తెలియదా?"

వదిన ఏడ్చేసింది. పెద్దావిడ తిట్టినా, డాక్టరు భయపెట్టినా ఏడవని మనిషి కొంగుతో మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "నిజంగానే నొప్పిగా ఉందండీ. చాలా రోజులుగా ఉంది. నన్ను పంపించేయకండి" అంది.

అన్నయ్య పక్కన కూర్చున్నాడు.

"రేపు పెద్దావిడ కూతురికి ఫోన్ చేసి నేనే మాట్లాడతాను. ఎత్తే పని ఇంక నీతో చేయించొద్దంటాను. ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకపోతే ఇద్దరం కలిసే ఇంటికెళ్లిపోదాం. నిన్నొక్కదాన్నే పంపించి నేనిక్కడ ఏం ఉద్ధరించాలి?"

పుడకకు అక్కడ పనిలేదని నేను బురుజెక్కాను. పైన ఒకటే మంచు. అటు పట్నమూ కనిపించలేదు, ఇటు పట్నమూ కనిపించలేదు. "ఏం కనిపిస్తోందే?" అని కిందినుంచి అరిచింది వదిన. "మీరిద్దరే!" అని అరిచాను. నిజం చెప్పానంతే.

తిరుగు బస్సు కోసం వీధి మెట్లన్నీ దిగాలి. మోకాలు నొప్పికి ఎక్కడం కన్నా దిగడమే కష్టం. అన్నయ్య ఒక మెట్టు కింద నిలబడి, వదిన చేతిని తన భుజం మీద వేసుకున్నాడు. నేను సంచులు మోస్తూ ముందు దిగుతున్నాను.

"నన్ను కాస్త గట్టిగా పట్టుకోవే. నాకు భయంగా ఉంది" అన్నాడు అన్నయ్య.

"చాల్లెండి, మళ్లీ మొదలుపెట్టారా!" అని వదిన నవ్వింది.

ఆయన మొహం వదినకు కనిపించదు. వెనక్కి తిరిగి చూశాను కాబట్టి నాకు కనిపించింది. ఈసారి అన్నయ్య నటించడం లేదు.