మిత్రునికి వ్రాసిన సన్మానపత్రం

కరీంనగరంలో బాలురకు ఫుట్‌బాల్ శిక్షణ శిబిరం పెట్టి, దానికి శిక్షకుడుగా నా బాల్యమిత్రుణ్ణి పిలిపించినారు. హైదరాబాదులో ఆడి, కలకత్తాలో ఆడి, మలయా దేశపు క్లబ్బొకటి జీతమిచ్చి పిలిస్తే ఓడ ఎక్కి అక్కడ కూడ ఆడి, మోకాలు చెడిన తరువాత శిక్షకుడైనవాడు అతడు. నేను ఆ ఊరి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. కనుక సన్మానపత్రం వ్రాసి సభలో చదివే బాధ్యత నాకే అప్పగించినారు. అడిగినవారికి నా మనసులో ఏమున్నదో తెలియదు.

మేమిద్దరం బెల్లంపల్లిలో పెరిగినాము. వాని బాపు బొగ్గుబాయిలో కార్మికుడు. మా తండ్రిగారు పురాణం చెప్పేవారు. తోలుబంతిని తన్నిన కాళ్ళతో ఇంట్లో అడుగు పెట్టరాదు గనుక, నేను ఆట ముగిసిన వెంటనే పెరటిబావి దగ్గర స్నానం చేసి తడిబట్టలతో లోపలికి పోయేవాణ్ణి. ఆ రోజుల్లో అందరమూ వట్టికాళ్ళతోనే ఆడేవాళ్ళం. బంతి నా మాట విన్నట్లు మా జట్టులో మరెవరి మాటా వినేది కాదు. "పంతులు కాలికి కండ్లున్నయ్‌రా" అని బాయిపని దిగివచ్చినవారు గట్టుమీద కూర్చుండి చెప్పుకొనేవారు.

పోలీసు చర్య జరిగిన కొన్నేండ్లకు, హైదరాబాదు నుండి ఒక క్లబ్బు పెద్దమనిషి మా ఆట చూడ వచ్చినాడు. ఒక్కణ్ణే తీసుకొని పోతానన్నాడు. ఆ ఒక్కడు నేనేనని ఊరంతా అనుకొన్నది, నేనూ అనుకొన్నాను. తీరా మైదానంలో దిగే వేళకు ఆయన మా పాదాలు చూసి తల అడ్డంగా ఊపినాడు.

"బూట్లు లేకుంటే నడవది. ఇగ ముందట అన్ని పోటీలల్ల బూట్లే" అంటూ తన సంచిలో నుండి ఒకే ఒక జత తీసినాడు. మా ఇద్దరి పాదాలదీ ఒకటే కొలత. మొదటి సగం వాడు, రెండవ సగం నేను తొడుక్కోవాలని తీర్పు.

వానికి బూట్లు కొత్త కావు. బాపు వాడి పారేసిన బాయిబూట్లలో పాతగుడ్డలు కుక్కుకొని, కట్టెల కోసం అడవికి పోయినవాడు. ఆ బరువుకు అలవాటుపడిన కాళ్ళకు ఇవి ఎంత తేలికగా తోచినవో గాని, వాడు విరామం లోపలనే రెండు గోలులు చేసినాడు. తరువాత విప్పి నా ముందు పెట్టినాడు. వాని చెమట, వాని వేడి ఇంకా వాటిలోనే ఉన్నాయి. తాళ్ళు కట్టబోయి వాడు వంగితే, నేను కాలు వెనుకకు తీసుకొని నాకు వచ్చినట్లు నేనే కట్టుకొన్నాను.

ఆ సగమంతా నా పాదానికి బంతి ఎక్కడున్నదో తెలియలేదు. చివరకు గోలు ముందు నాకొక్కడికే బంతి దొరికింది. బలమంతా కూడదీసి తన్నినాను. బంతి ఉన్నచోటనే ఉన్నది. బూటు గోలులోకి పోయినది.

"అరె, బూటు గోలైందిరో! పంతులు మీద అక్షింతలెయ్యుండ్రి!" అని గట్టు మీది నుండి కేక. గోలు కాచేవాడు ఆ బూటును రెండు చేతులా పైకెత్తి అందరికీ చూపినాడు. మైదానమంతా నవ్వింది. నా మిత్రుడూ నవ్వినాడు.

వాడు హైదరాబాదు బండి ఎక్కినాడు. నేను సంస్కృతాంధ్రాలు చదివి, పిల్లలకు యతిప్రాసలు చెప్పే ఉద్యోగంలో కుదురుకొన్నాను. పత్రికలో వాని బొమ్మ పడిన నాడు పుట తిప్పేసి వాణిజ్య వార్తలు చదివేవాణ్ణి. వాడు ఓడ ఎక్కినాడని విన్న నాడు నాకు అన్నం సయించలేదు. మోకాలు చెడిందని విన్న నాడు సయించింది.

అటువంటి చేతితో సన్మానపత్రం వ్రాసినాను. క్రీడాలోక భాస్కరా అన్నాను, తెలంగాణ ముఖతిలకమా అన్నాను. వాటి నడుమ 'ఉపానత్ప్రసాదలబ్ధకీర్తీ' అని ఒక సంబోధన చేర్చినాను. ఉపానత్తు అంటే పాదరక్ష. బూట్ల అనుగ్రహంతో పేరు సంపాదించినవాడా అని దాని అర్థం. సభలో ఆ మాటను ప్రత్యేకంగా సాగదీసి చదివినాను. చప్పట్లు మోగినవి. అధ్యక్షులవారు నా చెవిలో, "ఉపనిషత్తులు గూడ కలిపిండ్రు సార్! పండితులంటే గట్లుండాలె" అన్నారు.

వందన సమర్పణ జరుగుతుండగా మిత్రుడు పూలదండలతోనే నా పక్కకు జరిగినాడు.

"పంతులూ, నడుమల ఉపా... అంటివి, గదేంది? మతలబు జర చెప్పు."

"పొగడ్తరా. నీకెందుకు?"

"నన్ను పొగిడేటప్పుడు నీ మొఖం గట్ల వెలగదు. చెప్పు."

చెప్పినాను. వానికి నాటాలనే సమాసం విడదీసి మరీ చెప్పినాను. వాడు ఒక్క క్షణం నన్ను చూసి, పొట్ట పట్టుకొని నవ్వినాడు. లేచిపోబోతున్న జనాన్ని ఆపి మైకు అందుకొన్నాడు.

"కూసోండ్రి, జర కూసోండ్రి. నాకు బూట్లతోని పేరొచ్చిందని రాసిండు మా పంతులు. నిజమే! గా దినం బూట్ల ముచ్చట లేకుంటే హైదరాబాద్ పోయేది నేను గాదు, ఈన. వట్టికాళ్ళతోని ఈన ఆడుతుంటే మాకు బంతి మొఖం గూడ కనవడకపోతుండె."

నేను అన్నేండ్లుగా వినగోరినది ఆ మాటే. సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, వాని వైపు చూస్తూ.

మరునాడు ఉపాధ్యాయుల గదిలో లెక్కల మాస్టారు నాకు చాయ అందిస్తూ, "ఎంత పెద్ద మనసు సార్, మీ దోస్తుది! గంత పేరున్నోడు, మిమ్ముల సంతోషపెట్టాలని గట్ల చెప్పిండు" అన్నారు. తక్కినవారు అవునన్నారు. అది మర్యాదకు చెప్పింది కాదు, జరిగింది అనబోయినాను. ఆ మాట ఇప్పుడు నా నోట ఎట్లా వినబడుతుందో తోచి, చాయ తాగినాను.