ఇగ కదలదన్న నేల

మా సోషల్ టీచర్ పోయారని పొద్దున్నే నాన్న ఫోన్ చేసి చెప్పాడు. గుండెపోటట. గోదావరిఖనిలో తెలంగాణ వచ్చిన సంబరం ఇంకా తగ్గనే లేదు, కొత్త రాష్ట్రం పటం పిల్లలతో గీయించకుండానే ఆవిడ వెళ్లిపోయారు. ఊరికి వెళ్లే బస్సులో ఏడుపు రాలేదు. ఆవిడను ఒక మాట అడగాల్సింది అనే ఆలోచన తప్ప మరేదీ తోచలేదు.

భూమి పలకల పాఠానికి ఆవిడ టిఫిన్ డబ్బాలో గోధుమపిండి ముద్ద తెచ్చేవారు. ఇద్దరు పిల్లల్ని లేపి చెరో వైపు గుంజమనేవారు.

"చూసిన్రా, నడుమ పలచబడి కుంగుతుంది. గట్ల కుంగిన కాడ అడవులు, మట్టి పొరలుగ పేరుకున్నయ్. గదే మన బొగ్గు. మన గోదారి లోయ ఇట్లనే చీలబోయి నడుమల ఆగింది. ఆఫ్రికా తూర్పు దిక్కు ఇంకా చీలుతనే ఉంది. అక్కడ పైన పలచబడ్డకొద్ది అడుగున కాగే రాయి పైకొచ్చి కరుగుతది, అగ్నిపర్వతాలైతయ్."

పాఠం అయ్యాక మా చేతుల మురికితో సహా ఆ పిండిని ఇంటికి తీసుకుపోయేవారు. రొట్టెలు ఎవరు తినేవారో ఏమో.

ఆ పాఠం విన్న రాత్రి నాకు అన్నం సయించలేదు. నాన్నది బొగ్గుగనిలో అండర్‌గ్రౌండ్ పని. చీలబోయి ఆగిన చోటే ఆయన రోజూ దిగుతున్నాడు. ఎందుకు తినడం లేదని నాన్న అడిగితే పాఠం సంగతి చెప్పాను. నవ్వి ఊరుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం టీచర్‌నే అడిగాను, మళ్లీ చీలుతుందా అని.

"ఆగి కోట్ల ఏండ్లాయె బిడ్డా. ఇగ కదలదు. మీ నాయినను డ్యూటీకి పోనియ్యి."

ఆ మాట పట్టుకునే బడి చదువంతా గట్టెక్కాను.

నాన్న రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం నేల కాస్త కంపించింది. ఒక్కరూ బయటికి రాలేదు. గిన్నెలు కదిలితే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అనుకోవడం మాకు అలవాటు. సాయంత్రం అది భూకంపమని టీవీలో చూసి టీచర్ ఇంటికి వెళ్లాను. ఆవిడ నవ్వుతున్నారు.

"ఇన్నేండ్లు పాఠం చెప్పిన. అదే ఇంటికొస్తే, ఏందీ ఇయ్యాల ఇంత జల్ది బ్లాస్టింగ్ అని తిట్టుకుంట పప్పు పోపు పెట్టిన."

"ఇగ కదలదన్నరు గద టీచర్?"

"చీలుడు ఆగింది. పాత చీలికల ఎంబడి నేల అప్పుడప్పుడు సర్దుకుంటది. ఎప్పుడో, ఎంతో ఎవరికెరుక?"

"మరి అప్పుడెందుకు అట్ల చెప్పిన్రు?"

"అప్పుడు మీ నాయిన కింద ఉన్నడు. ఇప్పుడు రిటైరయిండు."

నాకు కోపం వచ్చింది, ఆవిడ కాళ్లు పట్టుకోవాలనీ అనిపించింది. నాన్నకు ఏమన్నా అయి ఉంటే నాకేం చెప్పేవారు? అడగాలనుకుంటూనే, వెళ్లినప్పుడల్లా టీ తాగి వచ్చేసేదాన్ని.

చర్చి సమాధుల దగ్గర నాన్న పక్కన నిలబడి ఇదంతా చెప్పాను. ఆయన గోతిలోకి దించిన పెట్టెవైపు చూస్తూ చెప్పాడు.

"నువ్వు అన్నం తినకపోతివి. తెల్లారి నీకంటె ముందు నేనే పోయి అడిగిన. నాకు ఉన్నదున్నట్టు చెప్పింది. పిల్ల అడిగితే మాత్రం కదలదని చెప్పక్కా అన్న."

"తెలిసీ దిగినవా?"

"షిఫ్టుండె గద బిడ్డా."

ఎవరి మీద కోపపడాలో, ఎవరికి దండం పెట్టాలో నాకింకా తెలియదు. అందరూ పిడికెడు మన్ను వేస్తుంటే పెట్టె మీద మట్టి పెళ్లలు దబదబా పడుతున్నాయి. నాన్న వంతు వచ్చింది. చేతిలోని పెళ్లను మెల్లగా నలిపి పొడి చేసి, మోకాళ్ల మీద వంగి, చప్పుడు కాకుండా వదిలాడు.