కాలం చేశారు, సంతకం చేశాను

కెనడాలో మా ఎడ్మంటన్‌లో మార్చి నెలంటే నాకు ఒళ్ళుమంట. చలి పోదు, ఎండ రాదు, రోడ్ల పక్కన మంచు నల్లగా మురికిపట్టి పడుంటుంది. పైగా యూనివర్సిటీలో ఉన్న గడువులన్నీ ఆ నెల నెత్తినే వచ్చి పడతాయి. ఆ ఏడూ అంతే. దిద్దాల్సిన పేపర్లు, తెమలని మీటింగులు, వాటి మధ్యలో మా డిపార్ట్‌మెంట్‌లో చరిత్ర చదివే ఒక తెలుగమ్మాయి సమ్మర్ గ్రాంటు.

సైన్సు పిల్లలకైతే వేసవి రాగానే ఏదో ఒక ల్యాబ్ జీతమిచ్చి చేర్చుకుంటుంది. చరిత్ర, సాహిత్యం చదివేవాళ్ళకు ఆ దారి లేదు. ఒక ప్రొఫెసర్ దగ్గర ఉండి నాలుగు నెలలు సొంతంగా పరిశోధన చేసుకోవాలంటే మా దగ్గర ఉన్నది ఈ ఒక్క గ్రాంటే. దానికి పర్యవేక్షించే ప్రొఫెసర్‌గా, అంటే మెంటర్‌గా, నేను సంతకం పెట్టాలి.

ఆ పిల్ల ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, నోరు తెరిస్తే సగం ఇంగ్లీషు. వెనకటి రోజుల్లో డాక్టర్ల భార్యలుగా కెనడా ఉత్తరాన ఉన్న చిన్న ఊళ్ళకు వచ్చిన తెలుగు ఆడవాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేసి ఇంగ్లీషులోకి తెస్తానంది. నాకు ముచ్చటేసింది. వాళ్ళ నాన్నగారికి మాత్రం వెయ్యలేదు. "ముసలమ్మల కబుర్లు రాస్తే ఎవరమ్మా జాబ్ ఇచ్చేది? బయాలజీ ల్యాబ్‌లో మాట్లాడి పెట్టా," అన్నారట. పోట్లాడగా పోట్లాడగా ఒక మాటకు దిగారు. గ్రాంటు వస్తే చరిత్రలోనే ఉండొచ్చు. రాకపోతే ల్యాబ్‌లో చేరి మేజర్, అంటే ముఖ్య సబ్జెక్టు, బయాలజీకి మార్చుకోవాలి.

గడువు రోజు మధ్యాహ్నం అప్లికేషన్ పంపింది. దానికి ఒక పేజీ అనువాదం నమూనాగా జత చేసింది. నేను మీటింగులో ఉన్నాను. మెంటర్ ఏం చేస్తారని అడిగే చోట "విద్యార్థిని అనువాదాన్ని ప్రతి వారం వాక్యం వాక్యం సరిచూస్తాను" అని గొప్పగా రాసి, సంతకం పెట్టి పంపేశాను. ఆ పేజీ తెరిచి కూడా చూడలేదు. "చూశాను, చాలా బాగుంది" అని ఆ పిల్లకు ఒక మెసేజ్ కూడా పెట్టాను. ఎంత సిగ్గుమాలిన పనో నాకు అప్పుడు తోచలేదు.

రెండు వారాలకు కమిటీ నుంచి ప్రశ్న వచ్చింది. ఇంటర్వ్యూ ఇచ్చినావిడ భర్త జైలు శిక్ష అనుభవించినట్టు నమూనాలో ఉంది, ఆ కుటుంబం గోప్యతను ఎలా కాపాడతారు అని. అప్పుడు ఆ పేజీ తెరిచాను. తెలుగు మూలంలో ఆ పెద్దావిడ అన్నది "మావారు ఆ ఊళ్ళోనే కాలం చేశారు" అని. మా పిల్ల రాసింది "హి డిడ్ టైమ్" అని. ఇంగ్లీషులో దానికి జైల్లో గడిపాడనే అర్థం.

ఆఫీసుకు పిలిచాను. "కాలం అంటే టైమ్, చేశారు అంటే డిడ్. కరెక్టే కదా ఆంటీ?" అంది. చనిపోయారని అర్థమని చెప్పాను. దాని మొహం పాలిపోయింది. అయినా "మీరు కూడా మిస్ అయ్యారా? పర్లేదు, చిన్న లైనే కదా," అని నన్నే ఓదార్చింది. నేను అసలు చదవనే లేదన్న నిజం చెప్పలేదు.

ఆ సాయంత్రమే ఇద్దరం పెద్దావిడ ఇంటికి వెళ్ళాం. విని ఆవిడ పకపకా నవ్వారు. "ఆయన ఇంజెక్షన్ అంటే ఊరంతా హడలిపోయేవాళ్ళు గానీ, జైల్లో ఎవరూ వెయ్యలేదమ్మా," అన్నారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. "తెలీకపోతే ఆపి అడుగు తల్లీ. నాకేం తొందర పనులున్నాయి?" అన్నారు.

మర్నాడు కమిటీకి జవాబు తనే రాసి, పంపేముందు నాకు చూపించింది. ఈసారి అక్షరం అక్షరం చదివాను. "నా మెంటర్ ఈ పేజీని శ్రద్ధగా చదివారు, పొరపాటు పూర్తిగా నాది" అని ఉంది. ఆ వాక్యం తీసెయ్యమని చెప్పడానికి నోరు తెరిచి, "బాగుంది, పంపు," అన్నాను.

ఆ తర్వాత మూడు వారాలు కాలు గాలిన పిల్లిలా తిరిగాను. క్లాసులో చెబుతూ చెబుతూ మధ్యలో ఫోన్ చూసుకునేదాన్ని. ఇంట్లో పోపు మాడ్చాను, అన్నం మాడ్చాను, ఏమైందని అడిగినందుకు మావారి మీద ఎగిరాను. గ్రాంటు వచ్చేస్తే నా తప్పు అక్కడితో మరుగున పడిపోతుందని ఆశ. నిజం చెప్పాలంటే ఆ పిల్ల కోసం ఎంత మొక్కుకున్నానో నాకోసమూ అంతే మొక్కుకున్నాను.

రాలేదు. కారణాలు నాకు విడిగా పంపారు. విషయం బాగుంది, విద్యార్థిని నిజాయితీ మెచ్చుకోదగ్గది అన్నారు. ఆ భాష తెలిసిన మెంటర్ శ్రద్ధగా చదివి కూడా ఇంత తప్పు పట్టుకోలేకపోతే, ఆమె పర్యవేక్షణ మీద మాకు నమ్మకం కలగలేదు అన్నారు.

శుక్రవారం ఆ పిల్ల ఆఫీసుకు వచ్చింది. "నాన్నకి చెప్పేశా. మండే నుంచి ల్యాబ్. నా తెలుగు వల్లే పోయింది, సారీ ఆంటీ," అంది.  ఇక ఆగలేక కమిటీ పంపిన కారణాలు తెరిచి కంప్యూటర్ దానివైపు తిప్పాను. నెమ్మదిగా చదివింది.

"నేను ఆ పేజీ చదవలేదు. చదవకుండానే సంతకం పెట్టాను," అన్నాను.

తెర మీద "శ్రద్ధగా చదివి కూడా" అన్న మాట దగ్గర వేలు పెట్టింది. "మరి నేను కమిటీకి రాసిన లెటర్? అది కూడా చదవలేదా?" అని అడిగింది.

"అది చదివాను," అన్నాను.