ముడి లోపలి రంగు

మా పక్కింటి పెద్దమ్మ మొన్న మంగళవారం తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూసింది. గద్వాలలో ఈ వీధికి నేను కోడలిగా వచ్చిన రోజు నుంచి నాకు తోడున్న మనిషి.

చేతకాకుండా పోయేదాకా మగ్గం మీద పట్టుచీరలు నేసింది. ఆమె దగ్గర మామిడిపండు తిన్నవాళ్లు టెంక పారేయడానికి వీల్లేదు. కడిగి, నీడకు ఆరబెట్టి, పెంకు చీల్చి లోపలి గింజను పెరట్లో పాతేది. పక్కన ఒక పుల్ల గుచ్చి దానికి మిగిలిపోయిన పట్టుపోగు ముడివేసేది. తిన్న మనిషికొక రంగు.

ఆరేళ్ల కింద ఒక ఎండాకాలం మా ఆయన కోడేరు నుంచి పండ్లు తెచ్చారు. ముగ్గురం ఆమె అరుగు మీదే తిన్నాం. ఆమెకు ఎర్రపోగు, నాకు పసుపు, ఆయనకు నీలం. వానలు పడకముందే ఆయన గుండెపోటుతో పోయారు. మూడు గింజలూ మొలిచాయి.

ఎండకు పోగులన్నీ తెల్లబడ్డాక ఆయన మొక్క ఏదని అడిగాను. కాసేపు చూసి, "నడిమిది నీ పెనిమిటిదే బిడ్డా" అంది. అప్పటి నుంచి రోజూ నీళ్లు పోసే వంకతో నడిమి చెట్టు దగ్గర కూర్చొని నా గోడు వెళ్లబోసుకునేదాన్ని. పెద్దమ్మ అరుగు మీద నుంచి వింటూ ఉండేది, అడ్డం వచ్చేది కాదు. ఎన్నేళ్లకూ పూత రాలేదని నేను విసుక్కుంటే మాత్రం ఒక మాట అనేది.

"అంటుమొక్క తొందరున్నోళ్లకు. మనకేం తొందరున్నది?"

నిన్న పెరడు ఊడుస్తుంటే నడిమి పుల్ల విరిగి చేతికొచ్చింది. పోగు విప్పాను. ఎండ తగలని ముడి లోపల రంగు అట్లాగే ఉంది. ఎరుపు.

అది ఆమె చెట్టు. మరిచిపోయి చెప్పిందనుకుందామంటే, ముడి లోపల రంగు నిలుస్తుందని నేతపని చేసిన మనిషికి తెలియదా, విప్పి చూడదా? మూడింటిలో బాగా ఎదిగింది అదే. దాన్నే నాకిచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు.

కొత్త పుల్ల గుచ్చి పోగు మళ్లీ ముడివేశాను. మిగతా రెండు ముడులు విప్పబుద్ధి కాలేదు. మూడింటికీ నీళ్లు పోసి, అలవాటు కొద్దీ నడిమి చెట్టు దగ్గరే కూర్చున్నాను. చెప్పుకోవాల్సింది పెద్దమ్మ పోయిన సంగతే. దాన్ని ఆమె చెట్టుకు ఎలా చెప్పాలో తోచక, ఖాళీ బిందె ఒళ్లో పెట్టుకొని పొద్దుగూకేదాకా అట్లాగే ఉండిపోయాను.