మా ఆయన తెచ్చిన వాసనలు

మామిడి తోటలు గుత్తకు తీసుకుని బతికే మనిషి పూత రెమ్మ విరిచి ఇంటికి తెస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. మా ఆయన తెచ్చారు. చలికాలం చివర్లో, జ్వరం తగ్గి మళ్ళీ ఆగిరిపల్లి వైపు తోటలకు తిరగడం మొదలుపెట్టిన కొత్తలో. గాలికి పూత రాలితేనే విలవిల్లాడే మనిషి, తన చేత్తో విరిచిన రెమ్మను గాజు గ్లాసులో పెట్టి టీవీ పక్కన నిలబెట్టారు.

"ఇదేంటండీ?" అన్నాను.

"ఇల్లు కమ్మగా ఉంటుందని," అన్నారు నా వైపు చూడకుండా.

పెళ్ళయినప్పట్నుంచీ ఇల్లెలా ఉందో ఆయన ఏనాడూ పట్టించుకోలేదు.

పూత పిందె కట్టాక మరువం వచ్చింది. తర్వాత నిమ్మాకులు. ఎండలు ముదిరేసరికి మల్లెలు, కుండనీళ్ళలోకి వట్టివేళ్ళు. సాయంత్రం బండి ఆగితే హ్యాండిల్‌కి ఏదో ఒక పొట్లం వేలాడుతుండేది. మా ఇంటికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగి గుండెనిండా పీల్చేవారు. పక్కింటావిడ పీల్చి ఊరుకోలేదు.

"మగాళ్ళు ఉన్నట్టుండి పూలు తెస్తున్నారంటే ఓ కన్నేసి ఉంచాలండీ," అంది.

నవ్వేశాను గానీ ఆ రోజే ఆయన చొక్కా వాసన చూశాను. చెమట, పురుగుమందు, తోట దుమ్ము. మందు అలవాటై, దాన్ని కప్పిపుచ్చడానికే ఈ పూలేమో అనుకుని, ఏదో మాట నెపంతో దగ్గరకు వెళ్ళి నోటి వాసన పట్టాను. అదీ లేదు. ఏమీ దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది. పైగా రోజూ ఒకటే ప్రశ్న: "వాసన బాగా వస్తోందా?" నేనేదైనా కనిపెట్టానా అని ఆరా తీస్తున్నట్టుండేది.

ఒక సాయంత్రం పళ్ళెం నిండా మల్లెలు. గదంతా ఘుమఘుమలాడిపోతోంది. ఆయన్ని ఇరికిద్దామని మొహం చిట్లించి, "ఈ పూలకి వాసనే లేదండీ. ఎక్కడివి?" అన్నాను. ఎవరి పెరట్లోవో నోరు జారతారని నా ఆశ.

ఆయన ఒక పువ్వు ముక్కు దగ్గర పెట్టుకుని, "అవును, ఎండకి పోయినట్టుంది," అన్నారు.

పళ్ళెం కింద పెట్టేశాను. "మీకు వాసన తెలియట్లేదా?"

ఆయన గొంతు తగ్గించి, "జొరం వచ్చినప్పట్నుంచీ అంతే. రోజుకోటి తెస్తే ఏదో ఒకటి తగులుద్దేమోనని చూస్తున్నా. ఎవరితోనూ అనబోకు. కాయ మాగిందో లేదో వాసన చూసి చెప్పలేనోడి పండు ఎవడు కొంటాడు?" అన్నారు.

ఒళ్ళు మండింది. నెలల తరబడి నేను ఇంకో ఆడదాన్ని ఊహించుకుంటుంటే, ఈయన దాచింది ఇదా! ఆ కోపంతోనే మర్నాడు ఆయన బండెక్కి కాయలు మాగబెట్టే షెడ్డుకి వెళ్ళాను. రసాలు వరిగడ్డిలో మాగుతున్నాయి. ఆ రోజు నుంచీ గడ్డి పక్కకి తీసి తొడిమ దగ్గర వాసన చూసి, "ఇవి ఎల్లుండికి", "ఇవి ఇవాళే పంపెయ్యండి" అని మెల్లగా చెప్పేదాన్ని. అదే మాట ఆయన కూలీలకి గట్టిగా చెప్పేవారు. సీజనంతా అలాగే గట్టెక్కింది.

వానలు పడ్డాక వాసన తిరిగి రావడం మొదలైంది గానీ వంకరగా వచ్చింది. మల్లెలు పెడితే కాలిన రబ్బరు కంపు అని లేచి బయటికి వెళ్ళిపోయేవారు. కొందరికి అలాగే వస్తుంది, ఓపిక పట్టండి అన్నారు డాక్టరుగారు. మల్లెలు మానేశాను. ఇప్పుడు హాల్లో ఇత్తడి గిన్నెలో నీళ్ళు పోసి, నలిపిన నిమ్మాకులు మాత్రం వేస్తున్నాను. అవి సరిగానే తెలుస్తున్నాయంటారు ఆయన. ఆ మాట మీద వదిలేయలేక అప్పుడప్పుడూ కళ్ళు మూయించి, ఒకసారి నిమ్మాకు, ఒకసారి ఉత్త కాగితం ముక్కు దగ్గర పెట్టి అడుగుతున్నాను. నిన్న రెండూ సరిగ్గానే చెప్పారు. రెప్పల సందులోంచి చూశారేమోనని నాకింకా అనుమానంగానే ఉంది.